కాన్పుకు మంచి ఘడియ – బి.పి. ఉన్న తల్లి విషయంలో రక్తపరీక్ష చెప్పే మాట



పెళ్లికి ముహూర్తం పెడతాం. గృహప్రవేశానికి పెడతాం. విత్తనం వేయడానికి కార్తె చూస్తాం. కార్తె రాకముందే వేసిన విత్తు మొలవదనీ, కోత దాటిపోయిన పంట గింజ రాలిపోతుందనీ రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. కాన్పుకు కూడా అటువంటి వేళ ఒకటి ఉంది. మామూలు గర్భంలో ఆ వేళను శరీరమే చూసుకుంటుంది. నెలలు నిండుతాయి, నొప్పులు వస్తాయి, బిడ్డ పుడుతుంది.

గర్భిణికి బి.పి. పెరిగినప్పుడు లెక్క మారిపోతుంది. నొప్పుల కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే తల్లి ప్రాణానికి ముప్పు. భయపడి మరీ ముందుగా కాన్పు చేయిస్తే బిడ్డ ప్రాణానికి ముప్పు. ఈ రెండింటి మధ్య సరైన రోజు ఒకటి ఉంటుంది. ఆ రోజును ఎలా తెలుసుకుంటారో, అందులో రక్తపరీక్షకు ఉన్న పని ఏమిటో, భార్యాభర్తలు చేయవలసింది ఏమిటో ఈ కరపత్రంలో చెబుతున్నాం. చదువు వచ్చినవారు చదవండి. రానివారికి చదివి వినిపించండి. ఇంట్లో అత్తగారుంటే ఆమెనూ పక్కన కూర్చోబెట్టుకోండి.

బి.పి. ఎంత ఉంటే ఎక్కువ?

బి.పి. కొలిచినప్పుడు రెండు అంకెలు చెబుతారు. పై అంకె 140 గానీ, కింది అంకె 90 గానీ, అంతకు మించి గానీ ఉంటే గర్భిణికి బి.పి. ఎక్కువైనట్లే. పై అంకె 160 గానీ, కింది అంకె 110 గానీ దాటితే అది గంటల మీద చూడవలసిన సంగతి. ఇంటికి పోయి రేపు వస్తామనడానికి వీల్లేదు.

ఎండలో నడిచి వచ్చి వెంటనే చేయి చాపితే అంకె ఎక్కువ చూపవచ్చు. అందుకే ఐదు నిమిషాలు కుదురుగా కూర్చున్న తరువాత కొలిపించుకోవాలి. ఎక్కువ కనిపిస్తే కొన్ని గంటల తరువాత మళ్లీ కొలుస్తారు. దాంతోపాటు మూత్రంలో ఆల్బుమిన్ పోతున్నదా అని చూస్తారు. ఐదో నెల దాటిన తరువాత బి.పి. పెరిగి, మూత్రంలో ఆల్బుమిన్ పోతున్నా, లేక కాలేయం, మూత్రపిండాలు, రక్తం దెబ్బతింటున్న గుర్తులు కనపడినా ఆ జబ్బును డాక్టర్లు ప్రీ ఎక్లాంప్సియా అంటారు. అది ముదిరి ఫిట్స్ వస్తే మన పెద్దలు గుర్రపువాతం అన్నారు. ప్రపంచంలో ప్రతి నూరుమంది గర్భిణుల్లో ఇద్దరి నుంచి ఎనిమిదిమంది వరకూ ఈ జబ్బు పడుతున్నారు.

ఇందులో ఉన్న మోసం ఏమిటంటే, మొదట్లో నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. ఆమె వంట చేస్తుంది, మిరప కోతకు పోతుంది, నవ్వుతూనే ఉంటుంది. లోపల మాత్రం జబ్బు పెరుగుతూ ఉంటుంది. కొలిస్తే తప్ప తెలియదు. “మా అమ్మాయికి ఏమీ లేదు, పుష్టిగానే ఉంది” అని చూసి చెప్పే జబ్బు కాదిది.

మాయలో ఏం జరుగుతుంది?

కడుపులో బిడ్డకు అన్నం, నీళ్లు, గాలి అన్నీ మాయ ద్వారానే అందుతాయి. తల్లి రక్తం మాయలోకి ధారాళంగా పారాలి. అందుకోసం గర్భం నిలిచిన మొదటి నెలల్లోనే అక్కడి రక్తనాళాలు వెడల్పు కావాలి. కొందరిలో అవి సరిగా వెడల్పు కావు.

సాగర్ ఎడమ కాలువ కింద వ్యవసాయం చేసేవారికి దీన్ని వివరించడం సులువు. పిల్లకాలువ సన్నగా, పూడిక పడి ఉంటే చివరి భూములకు నీరు అందదు. చివరి రైతులు గోల చేస్తారు. పైనుంచి ఎక్కువ నీరు వదులుతారు. అప్పుడు కట్టల మీద ఒత్తిడి పెరుగుతుంది. బలహీనంగా ఉన్నచోట గండి పడుతుంది. మాయకు రక్తం చాలనప్పుడు జరిగేదీ దాదాపు ఇటువంటిదే. ఆకలిగొన్న మాయ కొన్ని పదార్థాలను తల్లి రక్తంలోకి వదులుతుంది. వాటివల్ల తల్లి ఒంట్లోని రక్తనాళాలు బిగుసుకుంటాయి. బి.పి. పెరుగుతుంది. మూత్రపిండాల్లో, కాలేయంలో, మెదడులో గండ్లు పడ్డట్టు దెబ్బలు తగులుతాయి. మూత్రంలో ఆల్బుమిన్ పోవడం, పొట్ట పైభాగంలో నొప్పి, తలనొప్పి, కళ్లు మసకలు, చివరికి ఫిట్స్ – ఇవన్నీ ఆ గండ్ల గుర్తులే.

బి.పి. మాత్రలు ఒత్తిడిని తగ్గిస్తాయి, తల్లి మెదడును కాపాడతాయి. అవి తప్పక వేసుకోవాలి. కానీ జబ్బు వేరు మాయలో ఉంది. మాయ బయటికి వచ్చేదాకా జబ్బు పూర్తిగా పోదు. అంటే ఈ జబ్బుకు అసలు వైద్యం కాన్పే. అందుకే కాన్పు ఎప్పుడు చేయాలన్నదే ఇక్కడ పెద్ద ప్రశ్న.

రక్తం చెప్పే కబురు

మాయ బాగా పనిచేస్తున్నప్పుడు తల్లి రక్తంలో పి.ఎల్.జి.ఎఫ్. అనే పదార్థం తగినంత ఉంటుంది. ఇది రక్తనాళాలను పెంచి పోషించేది. దీనికి విరుద్ధమైనది ఇంకొకటి ఉంది, దాని పేరు ఎస్-ఫ్లిట్-1. ఇది మొదటిదాన్ని పట్టి కట్టేస్తుంది. జబ్బుపడిన మాయ ఈ రెండోదాన్ని విపరీతంగా వదులుతుంది. మద్రాసు వైద్య కళాశాలలో చదివి అమెరికాలోని బోస్టన్‌లో పరిశోధన చేసిన డాక్టర్ ఎస్. అనంత్ కరుమంచి, ఆయన తోటివారు 2003లో ఈ సంగతి బయటపెట్టారు.

తల్లి చేతి నుంచి కొంచెం రక్తం తీసి ఈ రెండు పదార్థాలనూ కొలవవచ్చు. చెడ్డది మంచిదానికి ఎన్ని రెట్లు ఉందో చూస్తారు. ఆ లెక్కనే నిష్పత్తి అంటారు. జబ్బు ఉందేమోనని అనుమానం ఉన్న గర్భిణుల మీద 14 దేశాల్లో చేసిన ఒక పరిశోధన ఫలితాలు 2016లో వచ్చాయి. నిష్పత్తి 38 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉన్నవారిలో నూటికి 99 మందికి తరువాతి వారం రోజుల్లో ప్రీ ఎక్లాంప్సియా రాలేదు. ఇంగ్లండులోని 11 ఆసుపత్రుల్లో వెయ్యిమందికి పైగా గర్భిణులకు పి.ఎల్.జి.ఎఫ్. పరీక్ష చేసి చూసిన ఫలితాలు 2019లో వచ్చాయి. పరీక్ష ఫలితం డాక్టరు చేతికి అందినచోట జబ్బును రెండు రోజులు ముందుగా గుర్తించగలిగారు. తల్లులకు తీవ్రమైన ప్రమాదాలు కూడా తగ్గాయి. 2023లో అమెరికా ప్రభుత్వం ఈ నిష్పత్తి పరీక్షకు అనుమతి ఇచ్చింది.

దీని ఉపయోగం ఏమిటో ఒక ఉదాహరణతో చూడండి. సీత, సమ్మక్క అని ఇద్దరు గర్భిణులు ఉన్నారనుకుందాం. ఇద్దరికీ 33వ వారం. ఇద్దరికీ బి.పి. 146/94. ఇద్దరికీ కొంచెం కాళ్లవాపు, అప్పుడప్పుడూ తలనొప్పి. పైకి చూస్తే ఇద్దరూ ఒక్కటే. రక్తపరీక్షలో సీత నిష్పత్తి 20, సమ్మక్క నిష్పత్తి 200 అని తేలింది. సీత విషయంలో డాక్టరు కంగారు పడడు. మాత్రలు ఇచ్చి, వారంలో మళ్లీ రమ్మంటాడు. ఆమె బిడ్డకు కడుపులో పెరిగే రోజులు మిగులుతాయి. సమ్మక్కను మాత్రం ఇంటికి పంపడు. పెద్దాసుపత్రిలో చేర్చుతాడు, బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడే ఇంజెక్షన్లు వేయిస్తాడు, రోజూ చూస్తాడు, కాన్పుకు అన్నీ సిద్ధం చేసి ఉంచుతాడు. పరీక్ష లేకపోతే ఇద్దరినీ ఒకే విధంగా చూసేవారు. సీతకు అనవసరంగా ముందు కాన్పు అయ్యేదేమో, సమ్మక్క ఇంటి దగ్గరే ఫిట్స్‌తో పడిపోయేదేమో!

ఈ పరీక్షకు హద్దులు కూడా ఉన్నాయి. అవి తెలుసుకోకపోతే మోసపోతారు.

ఒకటి: అంకె తక్కువ వస్తే ధైర్యం చెప్పడంలో ఈ పరీక్ష గట్టిది. అంకె ఎక్కువ వచ్చినంత మాత్రాన జబ్బు తప్పక వస్తుందని కాదు. 2016 పరిశోధనలో 38 దాటినవారిలో నాలుగు వారాల్లోపల జబ్బు పడ్డవారు మూడోవంతు కంటే కొంచెం ఎక్కువ. అంకె పెరిగినకొద్దీ అనుమానం బలపడుతుంది.

రెండు: ఒక్క ఈ అంకెను చూసి కాన్పు చేయరు. బి.పి., మూత్రం, మిగతా రక్తపరీక్షలు, స్కానింగులో బిడ్డ ఎదుగుదల – అన్నీ కలిపి చూస్తారు.

మూడు: దీన్ని మళ్లీమళ్లీ చేయించుకుంటూ పోతే మేలు పెరుగుతుందని అనుకోవద్దు. ఒకసారి చేసినవారికి వరుసగా పరీక్షలు చేసి చూసిన బ్రిటన్ పరిశోధన 2024లో వెలువడింది. దానివల్ల బిడ్డలకు అదనంగా మేలు కనబడలేదు.

నాలుగు: ఇది ఖరీదైన పరీక్ష. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేసేది కాదు. పెద్ద నగరాల్లోని కొన్ని పెద్ద ఆసుపత్రుల్లో, కొన్ని ప్రైవేటు ల్యాబుల్లో చేస్తారు. దీనికోసం నగలు తాకట్టు పెట్టి పరుగెత్తవలసిన పని లేదు. డాక్టరు అవసరమని చెప్పినప్పుడు, జబ్బు ఉందా లేదా అని తేలనప్పుడు, ముఖ్యంగా 37 వారాల లోపల ఇది ఉపయోగపడుతుంది. జబ్బు స్పష్టంగా కనబడుతున్న తల్లికి దీని ఫలితం కోసం వైద్యం ఆపరాదు.

మన దగ్గర దొరికే రక్తపరీక్షలు

ఆ పరీక్ష లేకపోతే మనకు దారి లేదా? ఉంది. మరికొన్ని మామూలు రక్తపరీక్షలు కూడా కాన్పు వేళను చెబుతాయి.

ప్లేట్‌లెట్లు: రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే కణాలు. ఇవి లక్షన్నర పైన ఉండాలి. లక్ష లోపలికి దిగితే జబ్బు ముదిరినట్టు లెక్క.

కాలేయ పరీక్ష: కాలేయం దెబ్బతింటే రక్తంలో కొన్ని పదార్థాలు మామూలుకన్నా రెండింతలు, అంతకు మించి పెరుగుతాయి.

క్రియాటినిన్: మూత్రపిండాల పనిని చెప్పేది. గర్భిణికి ఇది 1.1 దాటితే మంచిది కాదు.

ఈ మూడూ ఖరీదైన పరీక్షలు కావు. ఖమ్మంలోనూ, కొత్తగూడెంలోనూ తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రాలు 2021 జూన్‌లో మొదలయ్యాయి. ఆరోగ్య కేంద్రంలో తీసిన రక్తాన్ని అటువంటి కేంద్రానికి పంపి ఉచితంగా పరీక్ష చేయించే ఏర్పాటు ఇది. ప్రభుత్వ ఆసుపత్రిలో గర్భిణికి పరీక్షలు, మందులు, కాన్పు, ఆపరేషను, భోజనం, రానుపోను బండి – ఇవన్నీ ఉచితమని 2011లో వచ్చిన జననీ శిశు సురక్షా కార్యక్రమం చెబుతున్నది. 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులను డాక్టరు ప్రత్యేకంగా చూస్తున్నారు. ఆ రోజు కూలి పోతుందని మానుకోవద్దు.

వారాల లెక్క

నెలల లెక్కలో పొరపాట్లు వస్తాయి. కాన్పు వేళను నిర్ణయించేటప్పుడు వారాల్లో లెక్కిస్తారు. 34 వారాలకూ 37 వారాలకూ బిడ్డ బలంలో చాలా తేడా ఉంది. అందుకని చివరిసారి బయట చేరిన తేదీ తప్పక గుర్తు పెట్టుకోవాలి. నెల తప్పగానే ఆశా కార్యకర్తకు చెప్పి పేరు రాయించుకుని, ఆ తేదీని మాతా శిశు కార్డులో వేయించండి. మూడో నెల లోపల ఒక స్కానింగు చేయిస్తే లెక్క గట్టిపడుతుంది. ఏడో నెలలో మొదటిసారి వచ్చి “ఎన్ని నెలలో తెలియదు” అంటే, ఎంత పెద్ద డాక్టరయినా ఎంత మంచి రక్తపరీక్ష ఉన్నా సరైన రోజు చెప్పడం కష్టం.

లెక్క సరిగా ఉంటే డాక్టర్లు సాధారణంగా ఇలా ఆలోచిస్తారు.

34 వారాల లోపల: తల్లికి ప్రాణాపాయం లేనంతవరకు బిడ్డను కడుపులోనే ఉంచడానికి ప్రయత్నిస్తారు. ఇది ఇంటి దగ్గర జరిగే పని కాదు. తల్లిని పెద్దాసుపత్రిలో ఉంచాలి. ముందే కాన్పు అయ్యేటట్లుంటే బిడ్డ ఊపిరితిత్తుల కోసం డెక్సామెథసోన్ ఇంజెక్షన్లు రెండు రోజుల్లో నాలుగు వేస్తారు.

34 నుంచి 37 వారాల మధ్య: జబ్బు తీవ్రంగా ఉంటే కాన్పు చేస్తారు. తీవ్రంగా లేకపోతే కనిపెట్టి చూస్తారు. మన దేశంలోనూ ఆఫ్రికాలోని జాంబియాలోనూ ప్రీ ఎక్లాంప్సియా ఉన్న 565 మంది తల్లుల మీద చేసిన పరిశోధన 2023లో వెలువడింది. ఈ వారాల్లో ముందుగానే కాన్పు చేసినచోట తల్లుల బి.పి. ప్రమాదస్థాయికి పోవడం తగ్గింది, కడుపులోనే చనిపోయే బిడ్డల సంఖ్య తగ్గింది, పుట్టిన బిడ్డలకు దానివల్ల కీడు పెరగలేదు. కాబట్టి ఈ వారాల్లో డాక్టరు “ఇక ఆగవద్దు” అంటే భయపడి ఇంటికి తీసుకుపోవద్దు.

37 వారాలు నిండిన తరువాత: ప్రీ ఎక్లాంప్సియా ఉంటే ఇక ఎదురు చూడవలసిన పని లేదు. బిడ్డ సిద్ధంగా ఉంది. రోజులు గడిస్తే తల్లికే నష్టం. ఆల్బుమిన్ పోకుండా, మందులతో అదుపులో ఉన్న ఉత్త బి.పి. అయితే మరికొన్ని రోజులు ఆగవచ్చా అన్నది డాక్టరు చెబుతారు.

ఎన్నో వారమైనా సరే, ఫిట్స్ వచ్చినా, బి.పి. మందులకు లొంగకపోయినా, ప్లేట్‌లెట్లు పడిపోతున్నా, ఊపిరి ఆడకపోయినా ముందు తల్లిని నిలబెట్టి, వెంటనే కాన్పు చేస్తారు.

తిథి, నక్షత్రం సంగతి

మన తెలంగాణలో 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే అవుతున్నాయి. ఇది సంతోషించవలసిన మాట. అదే సర్వేలో నూటికి 60కి పైగా కాన్పులు కడుపు కోసి చేసినవని తేలింది. వాటిలో ముహూర్తం చూసి చేయించుకున్నవీ ఉన్నాయి.

దేవుడి మీద నమ్మకం ఉండవచ్చు. భద్రాద్రి రాముడికి మొక్కుకోండి, బిడ్డకు ఆ స్వామి పేరే పెట్టుకోండి. కానీ మంచి నక్షత్రం వచ్చే మంగళవారం దాకా ఆగుదామని, బి.పి. 160 దాటిన తల్లిని శుక్రవారం నుంచి ఇంట్లో ఉంచకండి. మంచి ఘడియ ముందే ఉందని, ఏ జబ్బూ లేని తల్లికి 36వ వారంలో ఆపరేషను చేయమని డాక్టరును ఒత్తిడి పెట్టకండి. ఒకటి తల్లికి కీడు, రెండోది బిడ్డకు కీడు. తల్లీ బిడ్డా క్షేమంగా బయటపడిన ఘడియే మంచి ఘడియ.

ఇంకొక మాట కూడా పల్లెల్లో వినిపిస్తుంది. ఏడో నెల బిడ్డ బతుకుతుంది గానీ ఎనిమిదో నెల బిడ్డ బతకదంటారు. ఇది నిజం కాదు. కడుపులో ఉన్న ప్రతి వారమూ బిడ్డకు బలమే. ఎనిమిదో నెల బిడ్డ ఏడో నెల బిడ్డకన్నా గట్టిది. ఈ మాట నమ్మి ఎనిమిదో నెలలో కాన్పు వద్దని తల్లిని ఇంటికి తెచ్చుకుంటే ఇద్దరూ దక్కకపోవచ్చు.

మీరు అడిగే ప్రశ్నలు

ప్రశ్న: ఇన్నిసార్లు రక్తం తీస్తే నీరసం రాదా?
జవాబు: రాదు. పరీక్షకు తీసేది ఒకటి రెండు చెంచాలు మాత్రమే. నీరసం రక్తహీనత వల్ల వస్తుంది. ఐరన్ మాత్రలు, కాల్షియం మాత్రలు వేళకు వేసుకోండి. కాల్షియం తక్కువ తినేవారికి ఆ మాత్రలు ఈ బి.పి. జబ్బు రాకుండా కూడా కొంత కాపాడతాయి. రెండూ ఒకేసారి వేసుకోవద్దు.

ప్రశ్న: ఉప్పు పూర్తిగా మానేస్తే తగ్గదా?
జవాబు: ఉప్పు మానితే ఈ జబ్బు పోదు. పచ్చళ్లు, అప్పడాలు తగ్గించుకోండి, చప్పిడి తిండి మాత్రం వద్దు. అంగన్‌వాడీలో ఇచ్చే అన్నం, పప్పు, గుడ్డు, పాలు తప్పక తీసుకోండి.

ప్రశ్న: కాళ్లవాపులు అందరికీ ఉండేవే కదా?
జవాబు: నిజమే, చాలామందికి ఉంటాయి. కానీ పొద్దున లేవగానే ముఖం, చేతులు ఉబ్బి ఉంటే, గాజులు బిగుతైతే, వారంలోనే బరువు బాగా పెరిగితే బి.పి. చూపించుకోండి. వాపు లేకుండా కూడా ఈ జబ్బు రావచ్చు.

ప్రశ్న: బి.పి. ఉంటే ఆపరేషను తప్పదా?
జవాబు: తప్పదని ఏమీ లేదు. తల్లీ బిడ్డా తట్టుకోగలిగితే మందులతో నొప్పులు తెప్పించి మామూలు కాన్పే చేస్తారు.

ప్రశ్న: బి.పి. తగ్గింది, మాత్రలు ఆపవచ్చా?
జవాబు: మాత్రల వల్లే తగ్గింది. మీ అంతట మీరు ఆపవద్దు. గర్భానికి ముందునుంచే బి.పి. మాత్రలు వాడేవారు నెల తప్పగానే డాక్టరుకు చెప్పాలి. వాటిలో కొన్ని బిడ్డకు పనికిరావు, మార్చి ఇస్తారు.

ప్రశ్న: ముందే రాకుండా చేసుకునే మార్గం ఉందా?
జవాబు: ఇంతకుముందు కాన్పులో ఈ జబ్బు వచ్చినవారు, కవలలు ఉన్నవారు, ముందునుంచీ బి.పి., షుగరు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మూడో నెలలోనే చెప్పాలి. తక్కువ మోతాదు ఆస్పిరిన్ మాత్ర డాక్టరు సలహా మీద 12వ వారం నుంచి వాడితే జబ్బు వచ్చే అవకాశం తగ్గుతుంది. దుకాణంలో కొని సొంతంగా వేసుకోవద్దు.

ఈ గుర్తులు కనబడితే ఒక్క పూట కూడా ఆగవద్దు

విడవని తలనొప్పి. కళ్ల ముందు మసకలు, మెరుపులు. పొట్ట పైభాగంలో, కుడి డొక్కలో నొప్పి, వాంతులు. మూత్రం తగ్గడం. ఆయాసం. బిడ్డ కదలిక తగ్గడం. రక్తం కనపడడం. ఫిట్స్.

వెంటనే 108కి ఫోను చేయండి. తల్లాడ నుంచి ఒక దారి వైరా మీదుగా ఖమ్మం పోతుంది, ఒకటి సత్తుపల్లి పోతుంది, ఇంకొకటి ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం, అక్కడినుంచి భద్రాచలం పోతుంది. ఏ దారిన ఏ ఆసుపత్రికి పోవాలో ఏడో నెలలోనే ఎ.ఎన్.ఎం.ను అడిగి తేల్చుకోండి. అడవి అంచు గూడేల్లో, వానాకాలం వాగు దాటవలసిన ఊళ్లలో ఉన్నవారు బి.పి. ఉందని తెలిసిన తరువాత చివరి వారాలు రోడ్డు మీది ఊళ్లో చుట్టాల ఇంట్లో ఉండడం మంచిది. వాగు పొంగిన రాత్రి బండి రాదు.

దగ్గరలోని ఆరోగ్య కేంద్రంలో మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షను మొదటి మోతాదు వేయించుకుని పెద్దాసుపత్రికి పోవాలి. 33 దేశాల్లో పదివేల మందికి పైగా తల్లుల మీద జరిగిన పరిశోధన 2002లో ఈ ఇంజెక్షను ఫిట్స్ వచ్చే ప్రమాదాన్ని సగానికి పైగా తగ్గిస్తుందని తేల్చింది. ఇంజెక్షను నొప్పి పుడుతుంది, ఒళ్లు వేడెక్కినట్టుంటుంది. అది ప్రాణం పోసే మందు, వద్దనకండి. ఫిట్స్ వస్తున్నప్పుడు తల్లిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో నీళ్లు పోయవద్దు, చెంచా పెట్టవద్దు, చేతిలో తాళాలు పెట్టి కూర్చోవద్దు.

భర్తకు కొన్ని మాటలు

అన్నా! కడుపు మోసేది ఆమే అయినా, ఆసుపత్రికి పోదామనే మాట చాలా ఇళ్లలో మీ నోటినుంచే రావాలి. ఆమె బి.పి. అంకె ఎంతో మీకు తెలిసి ఉండాలి. పొలం పట్టా ఎక్కడుందో తెలిసినట్టే మాతా శిశు కార్డు ఎక్కడుందో తెలిసి ఉండాలి. పత్తి ఏరే రోజులనీ మిరప కోతలనీ పరీక్ష తేదీ దాటనివ్వకండి. ఆమె రక్తం గ్రూపు రాసి పెట్టుకోండి. డాక్టరు “చేర్చండి” అన్నప్పుడు “మా అమ్మను అడిగి వస్తాం” అని వెనక్కి తిరగకండి. అడగవలసింది ఉంటే అక్కడినుంచే ఫోనులో అడగండి.

తెలంగాణలో లక్ష సజీవ జననాలకు 2014–16లో 81 మంది తల్లులు చనిపోతుండేవారు. 2018–20 నాటికి ఆ సంఖ్య 43కు దిగింది. అంటే తల్లుల మరణాలు తలరాత కావు, తగ్గించగలిగినవే. మిగిలిన ఆ 43 మందిలో మీ ఇంటి మనిషి ఉండకుండా చూసుకోవడం చాలావరకు మీ చేతిలో ఉంది.

కాన్పు తరువాత

బిడ్డ పుట్టగానే జబ్బు ఆ క్షణమే పోదు. ఫిట్స్ కాన్పు తరువాత కూడా రావచ్చు. ముఖ్యంగా మొదటి వారం జాగ్రత్త. ఇంటికి వచ్చిన తరువాత కూడా ఎ.ఎన్.ఎం. చేత బి.పి. చూపించుకోండి. ఆరు వారాలకు మళ్లీ డాక్టరుకు కనపడండి. ఈ జబ్బు వచ్చిన తల్లికి వయసు మీదపడిన తరువాత బి.పి., గుండెజబ్బు వచ్చే అవకాశం మిగతావారికన్నా ఎక్కువ. ఏడాదికి ఒకసారైనా కొలిపించుకుంటూ ఉండాలి.

తరువాతి బిడ్డ కోసం తొందరపడకండి. కనీసం రెండు మూడేళ్ల ఎడం ఇవ్వండి. ఆ లోపల ఆమె ఒళ్లు కోలుకోవాలి, బి.పి. అదుపులోకి రావాలి. ఎడం కోసం కాపర్-టి మంచి సాధనం, బి.పి. ఉన్నవారికి కూడా పనికొస్తుంది. కాన్పు అయిన రెండు రోజుల్లోపల ఆసుపత్రిలోనే వేయించుకోవచ్చు. నిరోధ్ ఎవరైనా వాడవచ్చు. వారానికి వేసుకునే ఛాయ మాత్ర, మూడు నెలలకు ఒకసారి వేసే అంతర ఇంజెక్షను కూడా ఉన్నాయి. బి.పి. చూసి ఏది సరిపోతుందో డాక్టరు చెబుతారు. బి.పి. ఇంకా ఎక్కువగా ఉన్నవారు, బిడ్డకు ఆరు నెలల లోపల పాలిస్తున్నవారు మాలా-ఎన్ మాత్రలు వాడకూడదు.

ఇక పిల్లలు చాలనుకుంటే భర్త వేసెక్టమీ చేయించుకోవడం అన్నిటికన్నా తేలిక. కోత లేదు, కుట్టు లేదు, కొద్ది నిమిషాల పని. మగతనం తగ్గదు, పొలం పనికి బలం తగ్గదు. మూడు నెలలపాటు నిరోధ్ వాడి, పరీక్ష చేయించుకుంటే చాలు. రెండుసార్లు బి.పి.తో చావు అంచుదాకా పోయి వచ్చిన భార్యను మళ్లీ ఆపరేషను బల్ల ఎక్కించకుండా, ఆ కొద్ది నిమిషాలు భర్త ఓర్చుకోవడం ధర్మం.

జ్ఞాపకముంచుకోండి

చివరి నెలసరి తేదీ రాయించండి. ప్రతి పరీక్షలోనూ బి.పి., మూత్రం చూపించండి. 140/90 దాటితే రక్తపరీక్షలు చేయించండి. డాక్టరు చెప్పిన రోజున ఆసుపత్రికి చేరండి. ఆ రోజు మంచిదా కాదా అని పంచాంగం తెరవకండి. సందేహం ఉంటే ఇంట్లో కూర్చుని ఆలోచించకండి, ఆరోగ్య కేంద్రానికి వచ్చి అడగండి.